ఐపీస్‌లో మూడు మరకలు: కన్యారాశి గెలాక్సీల గుంపును వెతికి పట్టుకుని, చదవడం ఎలా

ఎమ్84, ఎమ్86, ఎన్‌జీసీ 4388. ఈ మూడు పేర్లు ముందు ఒక కాగితం మీద రాసుకోండి. మూడూ గెలాక్సీలే, మూడూ ఐపీస్‌లో, అంటే టెలిస్కోపుకి కన్ను పెట్టి చూసే కటకంలో, ఒకేసారి కనిపిస్తాయి. మొదటిది మన నుంచి సెకనుకు సుమారు 1,000 కిలోమీటర్ల వేగంతో దూరం పోతోంది. రెండోది 240 కిలోమీటర్ల వేగంతో మన వైపే వస్తోంది. మూడోది 2,500 కిలోమీటర్లతో పారిపోతోంది. పైగా ఆ మూడోదాని నడిబొడ్డున ఒక కృష్ణబిలం ఆబగా తింటోంది. గెలాక్సీలు గుంపులు కట్టడం అంటే ఏమిటో, "క్రియాశీల గెలాక్సీ" అంటే ఏమిటో అర్థం కావడానికి ఈ ఒక్క చోటు చాలు. కొత్తగా టెలిస్కోపు కొన్నవాళ్లు వంద వస్తువుల జాబితా పట్టుకుని ఆకాశమంతా పరుగెడతారు. నేనూ రెండేళ్లు అదే చేశాను, ఒక్కటీ గుర్తులేదు. మీరు ఈ మూడింటి దగ్గరే ఆగండి.

రాత్రి ఎంచుకోవడం

ఉగాది ముందు రోజు వచ్చే కొత్త అమావాస్య, ఆ తర్వాత వచ్చే చైత్ర బహుళ అమావాస్య: ఏడాదిలో ఈ పనికి ఇవే రెండు మంచి రాత్రులు. అటు మూడు రోజులు, ఇటు మూడు రోజులు కూడా పరవాలేదు. వైశాఖ అమావాస్యకి ఆకాశంలో మబ్బు, గాలిలో తేమ పెరిగిపోతాయి. అదృష్టం ఉంటే దొరుకుతుంది.

ఈ గుంపు మార్చి చివర్లో అర్ధరాత్రికి నడినెత్తికి వస్తుంది. ఏప్రిల్ 15 ప్రాంతంలో రాత్రి 11కి, నెలాఖరుకి 10కి. రోజుకి నాలుగు నిమిషాలు ముందుకు జరుగుతుందని గుర్తుంచుకుంటే మిగతా లెక్క మీరే వేసుకోవచ్చు.

నడినెత్తి అన్నది ఊరికే అనలేదు. యూరప్‌లో రాసిన పుస్తకాల్లో కన్యారాశి దక్షిణాన, ఆకాశం మధ్యలో ఎక్కడో ఉన్నట్టు చెబుతారు. మనకి అలా కాదు. విజయవాడ నుంచి చూస్తే ఈ మూడూ సరిగ్గా నెత్తి మీదకి, మూడు నాలుగు డిగ్రీల తేడాలో వచ్చేస్తాయి. గాలి పొర పలచగా ఉంటుంది కాబట్టి చూపుకి మంచిదే. కానీ మీది డాబ్సోనియన్ (తిరిగే పీట మీద కూర్చునే సాదా గొట్టం టెలిస్కోపు) అయితే ఇదే తలనొప్పి. గొట్టం నిట్టనిలువుగా నిలబడితే పక్కకి తిప్పడానికి పట్టు దొరకదు, ఇంచు జరపాలంటే పీట మొత్తం గిరగిరా తిరగాలి. మొదటి ఏడాది నేను సరిగ్గా నడినెత్తి వేళకే మొదలుపెట్టి, గంటసేపు పెనుగులాడి, మెడ పట్టేసి ఇంటికొచ్చాను. అందుకే నడినెత్తికి రెండు గంటల ముందో, రెండు గంటల తర్వాతో చూడండి. అప్పుడు 60 డిగ్రీల ఎత్తులో ఉంటాయి, గొట్టం మాట వింటుంది.

చోటు

ఊళ్లోంచి కుదరదు. ఇందులో రాజీ లేదు. గ్రహాలు, చంద్రుడు డాబా మీంచి కనిపిస్తాయి గానీ గెలాక్సీ అంటే నల్లటి ఆకాశం మీద పలచని మరక. ఆకాశమే బూడిద రంగులో ఉంటే మరక అందులో కలిసిపోతుంది. డెల్టాలో ఇప్పుడు రొయ్యల చెరువుల దగ్గర రాత్రంతా లైట్లు. చీకటి కావాలంటే మెట్ట ప్రాంతానికో, కొండ వైపుకో పోవాల్సిందే. నల్లమల చీకటి అద్భుతంగా ఉంటుంది గానీ, పులుల అభయారణ్యం కనక శ్రీశైలం దారిలో రాత్రి 9 దాటితే చెక్‌పోస్టు దాటనివ్వరు, ఆ ఆశ పెట్టుకోకండి. తెలిసినవాళ్ల పొలం, చుట్టూ కిలోమీటరు మేర వీధి దీపం లేనిది, ముందే మాట్లాడుకుని వెళ్లండి. మోకాలి దాకా రబ్బరు బూట్లు వేసుకోండి. వేసవి రాత్రుళ్లు పాములు గట్ల మీదే తిరుగుతాయి.

చోటు పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. సప్తర్షి మండలంలో వసిష్ఠుడి పక్కన అరుంధతి మామూలు కంటికి తేలిగ్గా కనిపించాలి. అది పెళ్లిపీటల మీద నుంచి లేచిన ప్రతివాళ్లకీ తెలిసిన పరీక్షే. ఆ తర్వాత అసలు పరీక్ష: సింహరాశి తోకకి, స్వాతి నక్షత్రానికి మధ్య పైవైపున సన్నటి చుక్కల జల్లు ఒకటి మసగ్గా కనిపించాలి. దాన్ని కోమా నక్షత్రాల గుత్తి అంటారు. అది కంటికి తగిలిందంటే గెలాక్సీలు కూడా తగులుతాయి.

సామాను

6 అంగుళాల డాబ్సోనియన్ చాలు, 8 అంగుళాలది అయితే హాయి. 1,200 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న గొట్టానికి 25 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 48 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది. చూపు మేర ఒక డిగ్రీ, అంటే రెండు నిండు చందమామలు పక్కపక్కన పట్టేంత. మన మూడు మరకలకీ అది సరిగ్గా సరిపోతుంది. తర్వాత వివరంగా చూడటానికి 10 మిల్లీమీటర్లది ఒకటి. బైనాక్యులర్ మాత్రమే ఉంటే 10×50 తో, నిజంగా నల్లటి ఆకాశంలో, ఇదే గుంపులోని ఎమ్87 అనే గెలాక్సీ ఒక్కటీ మసగ్గా దొరకొచ్చు. మిగతా కథంతా టెలిస్కోపుతోనే.

ఫోన్ టార్చికి ఎర్ర జిలెటిన్ కాగితం నాలుగు మడతలు పెట్టి రబ్బరు బ్యాండు వేయండి. పెన్సిలు, అట్ట, తెల్లకాగితం. కూర్చోడానికి ఎత్తు సరిపోయే స్టూలు. నిలబడి వంగి చూసినవాడికి, కూర్చుని చూసినవాడికి ఒకే టెలిస్కోపులో రెండు వేరు వేరు ఆకాశాలు కనిపిస్తాయి. నడుం నొప్పి ఉంటే కన్ను ఏకాగ్రత పట్టదు.

టెలిస్కోపుని కారులోంచి తీసి అరగంట బయట పెట్టండి. అద్దం చల్లబడాలి. ఆ అరగంటలో మీ కళ్లు కూడా చీకటికి అలవాటు పడతాయి. ఈలోగా వాట్సాప్ తెరిచారా, మళ్లీ మొదటికే.

దారి

మఖ, పుబ్బ, ఉత్తర: కార్తెల పేర్లు ఇంట్లో పెద్దవాళ్ల నోట వినే ఉంటారు. ఆ ఉత్తరే సింహరాశి తోక చివరి నక్షత్రం, ఉత్తర ఫల్గుణి. పటాల్లో డెనెబోలా అని ఉంటుంది. ముందు దాన్ని పట్టుకోండి.

తర్వాత సప్తర్షుల తోక వంపుని అలాగే పొడిగిస్తే నారింజ రంగులో మెరిసే స్వాతి, ఇంకా పొడిగిస్తే తెల్లగా చిత్త. ఉత్తర, స్వాతి, చిత్త కలిపి పెద్ద త్రిభుజం. దాని లోపల ఓ మోస్తరు వెలుగుతో ఉండేది విండెమియాట్రిక్స్. ఉత్తర నుంచి దానికి దూరం, చెయ్యి పూర్తిగా చాచి వేళ్లు విప్పితే జానెడు కన్నా కాస్త తక్కువ. ఈ రెండు నక్షత్రాల మధ్య గీత గీసి, సరిగ్గా సగంలో ఆగండి. మీరు చేరాల్సిన చోటు అదే. మామూలు కంటికి అక్కడ ఏమీ ఉండదు.

ఆ "ఏమీ లేని చోట" టెలిస్కోపు పెట్టి నెమ్మదిగా అటూ ఇటూ ఊడ్చినట్టు తిప్పితే చాలామందికి దొరికిపోతుంది. దొరక్కపోతే మెట్లు మెట్లుగా రండి. ఉత్తర నుంచి తూర్పుకి ఆరున్నర డిగ్రీలు జరిగితే ఫైండరులో, అంటే గొట్టం మీది చిన్న దుర్భిణిలో, 6 కోమే అనే 5వ తరగతి నక్షత్రం వస్తుంది (తరగతి అంకె పెరిగే కొద్దీ వెలుగు తక్కువ). అక్కడి నుంచి ఆగ్నేయంగా మూడు డిగ్రీలు.

దిక్కులు తికమక పెడతాయి, ఎందుకంటే ఇలాంటి టెలిస్కోపులో బొమ్మ తలకిందులు. తేల్చుకునే ఉపాయం: గొట్టాన్ని కదపకుండా వదిలేయండి. నక్షత్రాలు ఏ అంచు నుంచి బయటికి జారిపోతున్నాయో అదే పడమర.

చూడటం

మొదట రెండు గుండ్రటి మరకలు కనిపిస్తాయి, అద్దం మీద ఊపిరి వదిలినట్టు. పడమర వైపుది ఎమ్84, తూర్పుది ఎమ్86. మధ్య దూరం చందమామ వెడల్పులో సగానికి కాస్త ఎక్కువ. ఎమ్86 కొంచెం కోలగా, పరుచుకున్నట్టు ఉంటుంది. ఎమ్84 గుండ్రంగా, నడుమ కాస్త గట్టిగా.

ఇక్కడ చాలామంది "ఇంతేనా" అంటారు. మా మేనల్లుడూ అదే అన్నాడు. వాణ్ని కదలకుండా ఐదు నిమిషాలు కూర్చోబెట్టాను. ఐదో నిమిషంలో "కింద ఇంకోటుంది మావయ్యా, గీతలా" అన్నాడు. అదే ఎన్‌జీసీ 4388.

రెండింటికీ దక్షిణంగా, వాటితో కలిపి సమబాహు త్రిభుజం అయ్యేలా ఉంటుంది. సుమారు 11వ తరగతి వెలుగే కాబట్టి నేరుగా చూస్తే మాయమవుతుంది. ఓరచూపు చూడాలి. కంటి నడుమ రంగులు చూసే కణాలు, చుట్టూ చీకట్లో పనిచేసే కణాలు ఉంటాయి. మరక మీద కాకుండా దానికి కాస్త పక్కన ఉన్న నక్షత్రం మీద చూపు నిలిపితే మరక తేలుతుంది. గొట్టాన్ని వేలితో మెల్లగా తట్టండి. కదిలేదాన్ని కన్ను త్వరగా పసిగడుతుంది.

ఇప్పుడు బొమ్మ గీయండి. చిత్రకళ రాకపోయినా సరే. వృత్తం గీసి, నాలుగైదు నక్షత్రాలు చుక్కలుగా పెట్టి, మరకల్ని వేలితో పెన్సిల్ పొడి రుద్ది వేయండి. గీయడం మొదలుపెట్టాకే కన్ను నిజంగా చూడటం మొదలుపెడుతుంది. మూడింటి నడుమ బొట్టులా ఎన్‌జీసీ 4387 కనిపిస్తే ఆ రాత్రి ఆకాశం చాలా బాగున్నట్టు. తూర్పుకి కాస్త జరిగితే ఎన్‌జీసీ 4435, 4438 జంట, రెండు కళ్లలా. అక్కడి నుంచి ఈశాన్యంగా ఒక వంపులో ఇంకా వరసగా గెలాక్సీలు దొరుకుతూ పోతాయి. దాన్ని మార్కారియన్ గొలుసు అంటారు. 1781 మార్చి 18న పారిస్‌లో చార్లెస్ మెసియే ఈ ప్రాంతంలోనే ఒకే రాత్రి ఎనిమిది మరకల్ని తన పట్టికలో చేర్చాడు (ఎమ్84 లాంటి పేర్లలో ఎమ్ ఆయన పేరే). అవేమిటో ఆయనకి తెలియదు. తోకచుక్కలు వెతుక్కునేటప్పుడు అడ్డురాకుండా ఉండాలని రాసిపెట్టుకున్నాడంతే.

ఎమ్86 నుంచి తూర్పుకి, కొద్దిగా దక్షిణానికి డిగ్రీం పావు జరిపితే ఎమ్87. గుండ్రటి మరక, నడిమి భాగం ఎమ్84 కన్నా ప్రకాశంగా. ఐపీస్‌లో ఇంతకు మించి ఏమీ ఉండదు. కానీ దాని నడుమ 650 కోట్ల సూర్యుల బరువున్న కృష్ణబిలం ఉంది. 2019 ఏప్రిల్ 10న ప్రపంచమంతా చూసిన నారింజ రంగు గారె లాంటి ఫొటో దీనిదే. ఆ ఫొటోకి కావలసిన సంకేతాల్ని పట్టింది 2017 ఏప్రిల్‌లో, అంటే మీరు చూస్తున్న ఈ రోజుల్లోనే. దాని గుండె నుంచి దాదాపు 5,000 కాంతి సంవత్సరాల పొడవున ఒక జ్వాలా ధార బయటికి చిమ్ముతోంది. 1918లో హెబర్ కర్టిస్ ఫొటో ప్లేటు మీద దాన్ని చూసి వింతైన తిన్నని గీతగా నమోదు చేశాడు. కంటికి దొరకదు. 8 అంగుళాల గొట్టానికి మంచి కెమెరా తగిలించిన ఔత్సాహికులు మాత్రం పడుతున్నారు. ఎక్స్‌పోజర్ తక్కువ పెట్టాలి, లేకపోతే గెలాక్సీ వెలుగులో మునిగిపోతుంది.

ఇంటికొచ్చాక మొదటి పని: వేగాలు

మర్నాడు బొమ్మ ముందేసుకుని కంప్యూటరు తెరవండి. నెడ్ అని ఒక ఉచిత డేటాబేసు ఉంది, నాసా నిధులతో కాల్టెక్ వాళ్లు నడుపుతారు. అందులో గెలాక్సీ పేరు కొడితే అది మన నుంచి ఎంత వేగంతో దూరమవుతోందో చెబుతుంది. బొమ్మలో ఉన్న ప్రతి మరకకీ ఆ అంకె రాయండి.

ఇప్పుడు కొత్తవాళ్లందరూ చేసే తప్పు కావాలనే చేద్దాం. వేగాన్ని 70తో భాగిస్తే దూరం మెగాపార్సెక్కుల్లో వస్తుందని, దాన్ని 3.26తో గుణిస్తే పది లక్షల కాంతి సంవత్సరాల్లోకి మారుతుందని చదివే ఉంటారు. హబుల్ లెక్క. ఎన్‌జీసీ 4388కి వేయండి: 2,500ని 70తో భాగిస్తే సుమారు 36. అంటే 11.6 కోట్ల కాంతి సంవత్సరాలు. ఎమ్84కి వేస్తే 4.7 కోట్లు. ఎమ్86కి వేస్తే దూరం మైనస్‌లో వస్తుంది, అంటే మన వెనకాల ఉండాలి! లెక్క ఎక్కడో బెడిసింది.

బెడిసింది ఎందుకంటే ఆ మూడూ ఒకే గుంపు సభ్యులు. విశ్వం వ్యాకోచించడం వల్ల వచ్చే వేగం గుంపు మొత్తానికి ఒక్కటే. దాని మీద ప్రతి గెలాక్సీ సొంత పరుగు అదనం. గుంపులో ఒకదాన్నొకటి లాక్కుంటూ తేనెపట్టు చుట్టూ ఈగల్లా తిరుగుతుంటాయి. ఎమ్86 మనకి అవతలి వైపు నుంచి గుంపు నడుమకి పడుతోంది కాబట్టి ఆ పరుగు విశ్వ వ్యాకోచాన్ని కూడా మించి మన వైపు తిరిగింది. ఒక్క సభ్యుడి అంకెతో గుంపు దూరం చెప్పకూడదు. చాలా గెలాక్సీల వేగాలు తీసుకుని సగటు వేయాలి. కన్యారాశి గుంపుకి ఆ సగటు దాదాపు 1,100. మళ్లీ 70తో భాగించి 3.26తో గుణించండి: 5.1 కోట్లు. ఇతర పద్ధతుల్లో వచ్చే దూరం సుమారు 5.4 కోట్ల కాంతి సంవత్సరాలు. దగ్గరికే వచ్చారు. మిగిలిన తేడాలో కొంత, మన పాలపుంత కూడా ఆ గుంపు వైపు కొద్దికొద్దిగా లాగబడటం వల్ల వచ్చిందే.

ఇదే అంకెల్లో ఇంకో రహస్యం కూడా ఉంది. ఇంత వేగంగా తిరుగుతున్నవి చెల్లాచెదురు కాకుండా గుంపుగా ఎలా ఉన్నాయి? పట్టి ఉంచడానికి ఎంతో బరువు కావాలి. కనిపించే నక్షత్రాల బరువు దానికి ఏ మూలకీ చాలదు. గెలాక్సీల మధ్య ఎక్స్‌రేల్లో మాత్రమే కనిపించే వేడి వాయువు ఉంది. దాన్ని కలిపినా చాలదు. 1933లో ఫ్రిట్జ్ జ్విక్కీ అనే ఖగోళశాస్త్రవేత్త కోమా గుంపు (ముందు చెప్పిన నక్షత్రాల గుత్తి కాదు, ఇంకా చాలా దూరాన ఉన్న మరో గెలాక్సీల గుంపు) మీద ఇదే లెక్క వేసి, కనిపించని పదార్థం ఉండి తీరాలన్నాడు. కృష్ణ పదార్థం అన్న మాట ఆయన అప్పుడే వాడాడు, అది ఖగోళశాస్త్రంలో గట్టిగా నిలబడటానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. మీ బొమ్మ మీద రాసుకున్న మైనస్ 240, 1,000, 2,500 అనే మూడు అంకెల మధ్య ఎడమే ఆ వాదన మొత్తం.

రెండో పని: రగులుతున్నది ఏదో తేల్చడం

పెద్ద గెలాక్సీల్లో దాదాపు అన్నిటి నడుమా కృష్ణబిలం ఉంటుందని నేటి అవగాహన. మన పాలపుంతలో 40 లక్షల సూర్యుల బరువున్నది ఉంది. కానీ పొయ్యి ఉన్నంత మాత్రాన మంట ఉన్నట్టు కాదు, కట్టెలు పడాలి. వాయువు లోపలికి పడుతూ చుట్టూ పళ్లెంలా తిరిగి, రాపిడికి వేడెక్కి, గెలాక్సీలోని నక్షత్రాలన్నిటితో పోటీ పడేలా వెలిగితే దాన్ని క్రియాశీల గెలాక్సీ అంటాం. మన పొయ్యి ప్రస్తుతం ఆరినట్టే. కోమా గుంపులోని ఎన్‌జీసీ 4889లో 2011లో కొలిచిన కృష్ణబిలం 2,100 కోట్ల సూర్యుల బరువు దాకా ఉండొచ్చన్నారు. అంత పెద్దదీ నిద్రలోనే ఉంది.

కంటితో చూసి ఇది రగులుతోంది, ఇది లేదు అని చెప్పలేం. వర్ణపటం, అంటే వెలుగుని రంగులుగా విడదీసిన పట్టీ కావాలి. వర్ణపటం చదవడం కష్టమని భయపడకండి. మూడు గీతలు పట్టుకుంటే చాలు. 4861 ఆంగ్‌స్ట్రామ్‌ల (కాంతి తరంగం పొడవుకి కొలత) దగ్గర హైడ్రోజన్ బీటా, దాని పక్కనే 4959, 5007 దగ్గర ఆక్సిజన్ జంట. జంటలో రెండోది మొదటిదానికి మూడు రెట్లు ఎత్తు. ఎప్పుడూ అంతే, కాబట్టి గీతల మధ్య ఎక్కడున్నా గుర్తుపట్టవచ్చు. గెలాక్సీ దూరమవుతుంటే ఈ మూడూ కలిసికట్టుగా ఎరుపు వైపు జరుగుతాయి. ఎన్‌జీసీ 4388లో 5007 గీత 5049 దగ్గర ఉంటుంది. 42 జరిగింది. 42ని 5007తో భాగించి కాంతి వేగంతో గుణించి చూడండి, మళ్లీ 2,500 వస్తుంది.

జరుగుడు వేగం చెప్పింది. గీత ఎత్తు, వెడల్పు లోపలి సంగతి చెబుతాయి. ఆక్సిజన్ 5007 గీత బీటాని చాలా ఎత్తులో మించిపోయి, 6583 దగ్గరి నైట్రోజన్ గీత 6563 దగ్గరి హైడ్రోజన్ ఆల్ఫాతో పోటీ పడుతుంటే లోపల మామూలు నక్షత్రాల వేడి కాదు, కృష్ణబిలం పనే అని అనుమానించవచ్చు. ఎన్‌జీసీ 4388 అలాంటిదే. ఇక హైడ్రోజన్ గీతల మొదలు వేల కిలోమీటర్ల వేగాలకి సరిపడా బాగా వెడల్పైతే, కృష్ణబిలం పక్కనే సుడి తిరుగుతున్న వాయువు నేరుగా కనిపిస్తున్నట్టు. కార్ల్ సీఫర్ట్ 1943లో ఇలా విచిత్రమైన గీతలున్న ఆరు గెలాక్సీల్ని విడిగా పరిశీలించాడు. వెడల్పు గీతలున్నవి సీఫర్ట్ ఒకటో రకం, సన్నవి మాత్రమే ఉన్నవి రెండో రకం అన్న పేర్లు తర్వాత వచ్చాయి.

చాలాకాలం ఇవి రెండు వేర్వేరు జాతులనుకున్నారు. 1985లో ఆంటొనూచి, మిల్లర్ అనే ఇద్దరు ఎమ్77 అనే గెలాక్సీ కాంతిలో ధ్రువణం చెందిన భాగాన్ని, అంటే ఎక్కడో ధూళికో, ఎలక్ట్రాన్లకో తగిలి చెదిరి వచ్చిన వెలుగుని మాత్రమే విడదీసి చూశారు. రెండో రకం అనుకున్న దానిలో దాగిన వెడల్పు గీతలు బయటపడ్డాయి. నడుమ చుట్టూ దట్టమైన ధూళి గోడ ఉంది. పైనుంచి చూసేవాడికి పొయ్యి కనిపిస్తుంది, పక్క నుంచి చూసేవాడికి గోడ అడ్డం. వంటింట్లో వెలుగు ఎదుటి గోడ మీద పడితే, వీధిలోంచి మంట కనపడకపోయినా పొయ్యి వెలిగిందని తెలుస్తుందే, అలా.

సొంతంగా చదివి చూడాలనుంటే ఆకాశంలో లక్షల గెలాక్సీల వర్ణపటాలు తీసిన స్లోన్ సర్వే వాళ్ల వెబ్‌సైటు స్కైసర్వర్‌కి వెళ్లండి. డబ్బు కట్టక్కర్లేదు. నావిగేట్ పేజీలో 194.95, 27.98 అని కొడితే కోమా గుంపు నడిబొడ్డు తెర మీదకి వస్తుంది. వర్ణపటం ఉన్న వస్తువుల్ని చూపించమనే గడిలో టిక్ పెడితే వాటి చుట్టూ చిన్న చదరాలు వస్తాయి. ఒక్కొక్కటే నొక్కి, జెడ్ అనే అంకెని (గీతలు ఎరుపు వైపు ఎంత మేర జరిగాయో చెప్పేది) నోటుబుక్కులో రాయండి. ఓ ముప్పై చేశాక ఎక్కువ భాగం 0.018 నుంచి 0.028 మధ్య ముద్దగా పడతాయి. అదీ గుంపు. ఎక్కడో ఒకటి 0.1 అనో 0.08 అనో వస్తుంది. తెర మీద పక్కపక్కనే ఉన్నా అది వెనకెక్కడో ఉంది, బంధువు కాదు. ఫొటోలో చూసి గుంపు అనుకోకూడదని నాకు అర్థమైంది ఈ పనితోనే. పుణె శాస్త్రవేత్తలు 2017లో ప్రకటించిన సరస్వతి మహాసమూహం కూడా ఇలా స్లోన్ దూరాల్లోంచే బయటపడింది. మీనరాశి వైపు 400 కోట్ల కాంతి సంవత్సరాల అవతల, 60 కోట్ల కాంతి సంవత్సరాల పొడవున పరుచుకున్న గుంపుల గుంపు అది.

తీరిక ఉంటే: 3సీ 273

మళ్లీ పొలానికి. 3సీ 273 ఒక క్వాసార్, అంటే బాగా దూరాన, కృష్ణబిలం చుట్టూ విపరీతంగా రగులుతున్న గెలాక్సీ నడిబొడ్డు. దీనికి 8 అంగుళాలు ఉంటే మేలు, 10 ఉంటే నిశ్చింత. కన్యారాశిలో పోరిమా నక్షత్రానికి వాయవ్యంగా అయిదు డిగ్రీలకు కాస్త తక్కువ దూరంలో, 13వ తరగతి చుక్క. అచ్చం నక్షత్రంలా ఉంటుంది, అందుకే పటం లేకుండా వెళ్లకండి. ఏఏవీఎస్ఓ అనే సంఘం చార్టులో 3సీ 273 అని కొడితే పక్క నక్షత్రాల వెలుగుతో సహా పటం వస్తుంది. ప్రింటు తీసుకుని, ఐపీస్‌లో కనిపించే చుక్కల ఆకారంతో పోల్చి, రెండుసార్లు సరిచూసుకోండి. పక్క నక్షత్రాన్ని చూసి సంబరపడినవాళ్లలో నేనూ ఉన్నాను.

రేడియో దూరదర్శినులకి ఇది బలమైన మూలంగా ముందే తెలుసు, సరిగ్గా ఎక్కడుందో తెలియదు. 1962లో చంద్రుడు దానికి అడ్డొచ్చిన క్షణాల్ని ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో దూరదర్శినితో గమనించి సిరిల్ హజార్డ్ బృందం చోటు కచ్చితంగా తేల్చింది. 1963లో మార్టెన్ ష్మిట్ దాని వర్ణపటంలో అర్థం కాని గీతలు చూసి తలపట్టుకుని, చివరికి అవి మామూలు హైడ్రోజన్ గీతలేనని, 0.158 మేర జరిగాయని గుర్తించాడు. బీటాకి మీరే వేయండి: 4861ని 1.158తో గుణిస్తే 5629. వేగం సెకనుకి 47,400 కిలోమీటర్లు. ఇంత దూరాన సొంత పరుగు లెక్కలోకి రాదు కాబట్టి ఇక్కడ హబుల్ లెక్క ధైర్యంగా వాడొచ్చు. 220 కోట్ల కాంతి సంవత్సరాలు వస్తుంది. పక్కా లెక్కల్లో కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ, మీ కంట్లో పడిన ఆ వెలుగు బయలుదేరి దాదాపు 200 కోట్ల ఏళ్లయింది. దాన్ని తెచ్చి 33 కాంతి సంవత్సరాల దూరంలో పెడితే మన సూర్యుడంత వెలుగుతుంది.

కనిపించిన సమయం, పక్క ఏ నక్షత్రం కన్నా ఎక్కువ వెలుగో, ఏ నక్షత్రం కన్నా తక్కువో నోటుబుక్కులో రాయండి. దాని వెలుగు నెలల్లో మారుతుంటుంది, వచ్చే ఏడాది పోల్చుకోవచ్చు. అద్దం మీద మంచు పడకముందే మూత పెట్టేయండి. ఎమ్77ని చూడాలంటే కార్తీకం దాకా ఆగాలి. అప్పుడు అది తిమింగల రాశిలో డెల్టా సెటీ పక్కన, ఒక డిగ్రీ లోపే ఉంటుంది.